విజయవాడ నుండి రాష్ట్ర సరిహద్దులు దాటే రహదారి మార్గాలు

విజయవాడ నుండి రాష్ట్ర సరిహద్దులు దాటే రహదారి మార్గాలు ఆంధ్రప్రదేశ్‌ను పొరుగు రాష్ట్రాలైన తెలంగాణ, ఛత్తీస్‌గఢ్, ఒడిషా, తమిళనాడు, కర్ణాటకలతోను, పుదుచ్చేరి కేంద్రపాలిత ప్రాంతంలో భాగమైన యానాంతోను కలుపుతున్నాయి. 2014 జూన్ 2న ఆంధ్రప్రదేశ్ విభజన జరిగిన తరువాత విజయవాడ నగరం సరిహద్దుకు దగ్గరగా వచ్చింది. అంతవరకు ఒకే రాష్ట్రంలో సాగిన హైదరాబాదు ప్రయాణం అంతర్రాష్ట్ర ప్రయాణంగా మారింది. సొంత కారులో వెళ్ళేవారికి ఈ మార్పు మామూలు రోజులలో పెద్దగా తెలియదు. టాక్సీ, లారీ, ఆంబులెన్సు నడిపేవారికి మాత్రం పన్నులు, పర్మిట్లు, ఆయా ప్రభుత్వాల ఉత్తర్వులు ప్రయాణంలో భాగమైనాయి. ఈ వ్యాసంలో విజయవాడ నగరంలోని గుణదలను ప్రారంభస్థానంగా తీసుకొని ముఖ్యమైన మార్గాలు, సరిహద్దు స్థలాలు, కావలసిన పత్రాలు, ప్రయాణానికి ముందు ఆలోచించవలసిన విషయాలు వివరించబడినవి.

ప్రారంభస్థానం

గుణదల విజయవాడ నగరానికి ఈశాన్యభాగంలో కొండను ఆనుకొని ఉన్న ప్రాంతం. ఇక్కడి కొండపై గల మేరీమాత పుణ్యక్షేత్రం ప్రసిద్ధమైనది. సమీపంలోని రామవరప్పాడు రింగు వద్ద 16వ నెంబరు జాతీయ రహదారిని చేరుకోవచ్చు. ఈ రింగు నుండి గొల్లపూడి వరకు నగరపు ఇన్నర్ రింగు రోడ్డు ఉన్నది. ఇది 16వ, 65వ నెంబరు జాతీయ రహదారులను కలుపుతుంది. గుణదల నుండి బయలుదేరే వాహనానికి మూడు దిక్కులు ఉన్నాయి.

* పడమర: ఇన్నర్ రింగు రోడ్డు మీదుగా గొల్లపూడి, అక్కడి నుండి ఇబ్రహీంపట్నం. హైదరాబాదు, భద్రాచలం వైపు వెళ్ళేవారికి ఇది అనుకూలం.
* దక్షిణం: రామవరప్పాడు, బెంజి సర్కిల్, కనకదుర్గ వారధి మీదుగా మంగళగిరి, గుంటూరు. చెన్నై, బెంగళూరు వైపు వెళ్ళేవారి దారి ఇది.
* తూర్పు: రామవరప్పాడు నుండి గన్నవరం, హనుమాన్ జంక్షన్, ఏలూరు. యానాం, విశాఖపట్నం, ఒడిషా వైపు వెళ్ళే మార్గం.

హైదరాబాదు వెళ్ళేవారు బెంజి సర్కిల్ మీదుగా కనకదుర్గ ఫ్లైఓవర్ ఎక్కి కూడా పోవచ్చును. ఈ ఫ్లైఓవర్ 2020 అక్టోబరు 16న ప్రారంభమైనది. అయితే దసరా నవరాత్రులలో ఇంద్రకీలాద్రి పరిసరాలలో వాహనాలను మళ్ళిస్తారు. ఫిబ్రవరి 9, 10, 11 తేదీలలో జరిగే గుణదల మాత ఉత్సవాలకు లక్షలాది భక్తులు వస్తారు గనుక ఆ రోజులలో గుణదల వీధులలోనే రద్దీ ఎక్కువ. అందువలన సరిహద్దు గురించి ఆలోచించే ముందు నగరం దాటడానికి పట్టే సమయాన్ని లెక్కలోకి తీసుకోవాలి.

పాత పటాలలోను, పాత పుస్తకాలలోను జాతీయ రహదారుల సంఖ్యలు వేరుగా కనిపిస్తాయి. 2010లో కేంద్ర ప్రభుత్వం సంఖ్యలను మార్చినప్పుడు చెన్నై–కోల్‌కతా రహదారిలో ఈ ప్రాంతానికి చెందిన 5వ నెంబరు 16గాను, హైదరాబాదు రహదారికి ఉన్న 9వ నెంబరు 65గాను, ఇబ్రహీంపట్నం–జగదల్‌పూర్ రహదారికి ఉన్న 221వ నెంబరు 30లో భాగంగాను మారాయి. వాడుకలో ఇప్పటికీ కొందరు పాత సంఖ్యలే చెబుతారు.

ప్రధాన మార్గాలు

హైదరాబాదు మార్గం

65వ నెంబరు జాతీయ రహదారి పూణె నుండి షోలాపూర్, హైదరాబాదు, సూర్యాపేట, విజయవాడ మీదుగా మచిలీపట్నం వరకు ఉన్నది. విజయవాడ నుండి హైదరాబాదు సుమారు 275 కి.మీ. ఇబ్రహీంపట్నం, కంచికచర్ల, నందిగామ, జగ్గయ్యపేట దాటిన తరువాత సుమారు 85 కి.మీ. దూరంలో గరికపాడు వస్తుంది. ఆంధ్రప్రదేశ్ వైపు చివరి చెక్‌పోస్టు ఇక్కడ ఉంటుంది. అవతల తెలంగాణలోని కోదాడ మండలానికి చెందిన రామాపురం క్రాస్ రోడ్డు ఉన్నది. ఈ రహదారిలో మల్కాపురం–నందిగామ మధ్య 181 కి.మీ. భాగాన్ని 2012లో నాలుగు వరుసలుగా విస్తరించారు. చిల్లకల్లు (ఆంధ్రప్రదేశ్), కొర్లపహాడ్, పంతంగి (తెలంగాణ) వద్ద టోల్‌గేట్లు ఉన్నాయి. సంక్రాంతి ముందు రోజులలో పంతంగి వద్ద విజయవాడ వైపు వచ్చే వాహనాలు బారులు తీరుతాయి. పండుగ తరువాత రద్దీ ఎదురు దిశలో ఉంటుంది.

ఈ మార్గానికి ప్రత్యామ్నాయంగా గుంటూరు, సత్తెనపల్లి, పిడుగురాళ్ళ, దాచేపల్లి మీదుగా వెళ్ళి, పొందుగుల వద్ద కృష్ణానదిని దాటి వాడపల్లి, మిర్యాలగూడ, నల్గొండ ప్రాంతాల గుండా నార్కెట్‌పల్లి వద్ద 65వ రహదారిని కలుసుకోవచ్చు. ఈ దారి కొంత చుట్టు. కాని మున్నేరు, పాలేరు పొంగినప్పుడు ఇదే ఆధారం. మాచర్ల, నాగార్జునసాగర్ మీదుగా మరొక దారి ఉన్నది. శ్రీశైలం దారి అడవి గుండా పోతుంది. మన్ననూరు, దోమలపెంట మధ్య అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో రాత్రి 9 గంటల నుండి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. కనుక రాత్రి ప్రయాణానికి ఈ మార్గాన్ని ఎంచుకొనరాదు.

భద్రాచలం, ఛత్తీస్‌గఢ్ మార్గం

30వ నెంబరు జాతీయ రహదారి ఇబ్రహీంపట్నం వద్ద మొదలై మైలవరం, తిరువూరు, పెనుబల్లి, కొత్తగూడెం, పాల్వంచ, భద్రాచలం, చింతూరు మీదుగా ఛత్తీస్‌గఢ్‌లోని కుంట చేరుతుంది. అక్కడి నుండి సుక్మా, జగదల్‌పూర్, రాయ్‌పూర్ వైపు సాగుతుంది.

ఈ మార్గంలో ప్రయాణికుడు మూడుసార్లు సరిహద్దు దాటుతాడు. తిరువూరు దాటాక తెలంగాణలో ప్రవేశిస్తాడు. భద్రాచలం పట్టణం దాటగానే మళ్ళీ ఆంధ్రప్రదేశ్ వస్తుంది. చింతూరు తరువాత ఛత్తీస్‌గఢ్ మొదలవుతుంది. దీనికి కారణం పోలవరం ప్రాజెక్టు. ముంపు ప్రాంతాలు ఒకే రాష్ట్రంలో ఉండాలనే ఉద్దేశంతో ఖమ్మం జిల్లాకు చెందిన కూనవరం, చింతూరు, వరరామచంద్రాపురం, కుక్కునూరు, వేలేరుపాడు మండలాలు పూర్తిగాను, భద్రాచలం, బూర్గంపాడు మండలాలు కొంత మినహాయింపుతోను ఆంధ్రప్రదేశ్‌లో చేర్చబడినవి. 2014 మే నెలలో ఆర్డినెన్సు జారీ కాగా, జూలైలో పార్లమెంటు చట్టసవరణను ఆమోదించింది. భద్రాచలం మండలంలో భద్రాచలం రెవిన్యూ గ్రామం మాత్రమే తెలంగాణలో మిగిలింది. పట్టణాన్ని ఆనుకొని ఉన్న ఎటపాక, పురుషోత్తపట్నం వంటి గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నాయి. ఇక్కడివారికి సరిహద్దు దాటడం అంటే సంతకు, ఆసుపత్రికి, గుడికి వెళ్ళి రావడమే.

చెన్నై మార్గం

16వ నెంబరు జాతీయ రహదారిపై గుంటూరు, చిలకలూరిపేట, ఒంగోలు, కావలి, నెల్లూరు, నాయుడుపేట, సూళ్ళూరుపేట మీదుగా తడ చేరుకోవాలి. తడ దాటాక తమిళనాడులోని ఆరంబాక్కం, గుమ్మిడిపూండి వస్తాయి. విజయవాడ నుండి చెన్నై సుమారు 450 కి.మీ. తడ సమీపంలోని భీమునివారిపాలెం చెక్‌పోస్టు లారీ డ్రైవర్లకు చాలాకాలంగా తెలిసిన పేరు.

ఒడిషా మార్గం

ఇదే 16వ రహదారిపై తూర్పుదిశగా ఏలూరు, రాజమహేంద్రవరం, విశాఖపట్నం, శ్రీకాకుళం మీదుగా సుమారు 600 కి.మీ. వెళ్ళిన తరువాత ఇచ్ఛాపురం వస్తుంది. అవతల ఒడిషా రాష్ట్రం గంజాం జిల్లా మొదలవుతుంది. బరంపురం ఇక్కడికి దగ్గరలోని పెద్ద పట్టణం. సరిహద్దుకు ఇరువైపులా తెలుగు, ఒడియా రెండూ వినిపిస్తాయి. ఇంత దూరాన్ని ఒక్క పగటిలో కాక, విశాఖపట్నం వద్ద ఆగి రెండు భాగాలుగా ప్రయాణించడం మేలు.

బెంగళూరు మార్గాలు

బెంగళూరు వెళ్ళడానికి రెండు ముఖ్యమైన దారులున్నాయి. నెల్లూరు, నాయుడుపేట, తిరుపతి, చిత్తూరు, పలమనేరు మీదుగా కర్ణాటకలోని ముళబాగిలు, కోలారు చేరడం ఒకటి. గుంటూరు, నరసరావుపేట, వినుకొండ, కంభం, గిద్దలూరు, తాడిపత్రి మీదుగా అనంతపురం చేరి, 44వ నెంబరు జాతీయ రహదారిపై కొడికొండ చెక్‌పోస్టు వద్ద సరిహద్దు దాటి బాగేపల్లి చేరడం రెండవది. రెండవ దారిలో గిద్దలూరు తరువాత నల్లమల అడవి, ఘాటు రోడ్డు ఉన్నాయి. మొదటిది దూరంగా కనిపించినా ఎక్కువ భాగం వెడల్పైన రహదారి.

యానాం

యానాం నాలుగువైపులా ఆంధ్రప్రదేశ్ చుట్టి ఉన్న సుమారు 30 చ.కి.మీ. ప్రాంతం. గోదావరి శాఖ అయిన గౌతమి ఒడ్డున ఉన్నది. కత్తిపూడి నుండి కాకినాడ, యానాం, అమలాపురం, మచిలీపట్నం మీదుగా ఒంగోలు చేరే 216వ నెంబరు జాతీయ రహదారి ఈ పట్టణం గుండా పోతుంది. యానాం–ఎదుర్లంక వంతెన 2002లో ప్రారంభమైనది. కోనసీమ నుండి కాకినాడ వెళ్ళేవారు కొద్ది నిమిషాల వ్యవధిలో ఒక రాష్ట్రం నుండి కేంద్రపాలిత ప్రాంతంలోకి, మళ్ళీ రాష్ట్రంలోకి ప్రవేశిస్తారు. 1954 వరకు యానాం ఫ్రెంచివారి పాలనలో ఉన్నది. ఆ రోజులలో ఇది నిజమైన విదేశీ సరిహద్దు. బ్రిటిషు ఇండియాలో బాల్యవివాహాలను నిషేధించిన శారదా చట్టం యానాంలో చెల్లనందున, చుట్టుపక్కల జిల్లాలవారు పిల్లల పెళ్ళిళ్ళకు యానాం వెళ్ళేవారు.

సరిహద్దు పూర్వచరిత్ర

విజయవాడ–హైదరాబాదు రహదారిపై సరిహద్దు 2014లో కొత్తగా పుట్టినది కాదు. 1948 వరకు కృష్ణా జిల్లా మద్రాసు రాజధానిలోను, కోదాడ, సూర్యాపేట ప్రాంతాలు నిజాం పాలించిన హైదరాబాదు సంస్థానంలోను ఉండేవి. సంస్థానానికి హాలీ సిక్కా అనే సొంత నాణెం, కరోడ్‌గిరీ అనే సొంత సుంకాల శాఖ ఉండేవి.

పైగా ఆ సరిహద్దు ఒక గీతగా ఉండేది కాదు. విజయవాడ నుండి పోయేటప్పుడు కంచికచర్లకు ముందే వచ్చే పరిటాల, దాని పరిసర గ్రామాలు కృష్ణా జిల్లా నడుమ ఉన్నా నిజాం ఏలుబడిలో ఉండేవి. తరువాత నందిగామ, జగ్గయ్యపేట బ్రిటిషు ప్రాంతం. ఆపై కోదాడ నిజాం ప్రాంతం. కోదాడ దాటిన తరువాత వచ్చే మునగాల పరగణా మళ్ళీ కృష్ణా జిల్లా నందిగామ తాలూకాకు చెందినది. దానిని దాటితే తిరిగి నిజాం రాజ్యం. అనగా నేటి 65వ రహదారిపై సూర్యాపేట చేరేలోపు ఆనాటి బాటసారి పలుమార్లు ఏలుబడి మారడం చూసేవాడు. మునగాల సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు లక్ష్మణరావు తెలుగులో ఆంధ్ర విజ్ఞాన సర్వస్వానికి ఆద్యుడు.

1947లో పరిటాల ప్రాంత గ్రామాల ప్రజలు నిజాం పాలనను తిరస్కరించి తమను స్వతంత్రులుగా ప్రకటించుకున్నారు. 1948 సెప్టెంబరు 13న ప్రారంభమైన పోలీసు చర్యలో భారత సైన్యంలోని ఒక భాగం బెజవాడ వైపు నుండి కూడా ముందుకు కదిలింది. 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత ఈ రహదారిపై రాష్ట్ర సరిహద్దు లేకుండాపోయింది. మునగాల 1959లో నల్గొండ జిల్లాలో కలిసింది. 58 సంవత్సరాల తరువాత గరికపాడు వద్ద సరిహద్దు మళ్ళీ వచ్చింది.

వాహనానికి కావలసిన పత్రాలు

సొంత వాహనాలు

1988 మోటారు వాహనాల చట్టం ప్రకారం ఒక రాష్ట్రంలో పొందిన డ్రైవింగు లైసెన్సు, ఒక రాష్ట్రంలో చేసిన వాహన రిజిస్ట్రేషను భారతదేశమంతటా చెల్లుతాయి. సొంత కారులోనో, మోటారు సైకిలుపైనో సరిహద్దు దాటి వెళ్ళి తిరిగి వచ్చేవారికి పర్మిట్ అవసరం లేదు. వెంట ఉండవలసినవి:

* డ్రైవింగు లైసెన్సు
* రిజిస్ట్రేషను సర్టిఫికెట్టు (ఆర్‌సీ)
* గడువు తీరని బీమా పత్రం (కనీసం థర్డ్ పార్టీ బీమా తప్పనిసరి)
* పొల్యూషన్ సర్టిఫికెట్టు

డిజిలాకర్, ఎంపరివాహన్ అనువర్తనాలలో చూపే పత్రాలను కూడా అసలు పత్రాలతో సమానంగా అంగీకరించాలని కేంద్ర ప్రభుత్వం 2018లో నిబంధనలను సవరించింది. అడవి మార్గాలలో ఫోనుకు సిగ్నలు అందదు కనుక కాగితం ప్రతులు కూడా ఉంచుకోవడం మంచిది. వాహనం మరొకరి పేరున ఉంటే వారి అనుమతి పత్రం దగ్గర ఉంచుకోవడం ఉపయోగకరం.

వేరే రాష్ట్రంలో ఉంచే వాహనాలు

ఉద్యోగం, చదువు కారణంగా వాహనాన్ని పొరుగు రాష్ట్రంలోనే ఉంచేవారి సంగతి వేరు. 12 నెలలకు మించి మరొక రాష్ట్రంలో ఉంచిన వాహనానికి అక్కడి రిజిస్ట్రేషను సంఖ్య తీసుకోవాలి. ఇందుకు మొదటి రాష్ట్రంలోని రవాణా కార్యాలయం నుండి నిరభ్యంతర పత్రం కావాలి. కొత్త రాష్ట్రంలో లైఫ్ టాక్సు చెల్లించాలి. తరచు బదిలీలు అయ్యేవారి కోసం 2021 సెప్టెంబరు నుండి భారత్ (బీహెచ్) సిరీస్ ప్రవేశపెట్టబడినది. రక్షణ సిబ్బంది, ప్రభుత్వ, ప్రభుత్వరంగ ఉద్యోగులు, నాలుగు లేక అంతకు మించిన రాష్ట్రాలలో కార్యాలయాలున్న ప్రైవేటు సంస్థల ఉద్యోగులు దీనికి అర్హులు. వీరు పన్నును రెండేళ్ళకొకసారి లెక్కన చెల్లించవచ్చు.

రాష్ట్ర విభజనతో నెంబరు ప్లేట్లు కూడా మారాయి. తెలంగాణ వాహనాలకు 2014లో టీఎస్, 2024 మార్చి నుండి టీజీ అక్షరాలు వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2019 నుండి జిల్లాల వారీ సంఖ్యలకు బదులు రాష్ట్రమంతటికీ ఒకే వరుస మొదలైనది. విజయవాడ వీధులలో కనిపించే పాత ఏపీ 16 బండ్లు అంతకుముందు కృష్ణా జిల్లాలో రిజిస్టరు అయినవి.

టాక్సీలు, బస్సులు, లారీలు

పసుపు ప్లేటు గల రవాణా వాహనాలకు పర్మిట్ తప్పనిసరి. ఒక రాష్ట్రం ఇచ్చిన పర్మిట్ మరొక రాష్ట్రంలో చెల్లాలంటే అక్కడి అనుమతి ఉండాలి, లేదా జాతీయ పర్మిట్, అఖిల భారత పర్యాటక పర్మిట్ వంటివి ఉండాలి. పర్యాటక వాహనాలకు రాష్ట్రాల వారీగా కాక ఒకేచోట రుసుము చెల్లించే విధానం 2021లో వచ్చింది. దీని స్థానంలో 2023లో కొత్త నియమావళి అమలులోకి వచ్చింది. ఇటువంటి పర్మిట్ లేని టాక్సీ సరిహద్దు దాటేముందు తాత్కాలిక పర్మిట్ తీసుకొని, ప్రవేశించే రాష్ట్రానికి పన్ను చెల్లించాలి. ఈ చెల్లింపు కేంద్ర రవాణాశాఖ వారి పరివాహన్ వెబ్‌సైటు ద్వారా చేయవచ్చు.

విభజన సమయంలో ఉన్న పర్మిట్లు గడువు తీరే వరకు రెండు రాష్ట్రాలలో చెల్లేటట్లు పునర్వ్యవస్థీకరణ చట్టంలో ఏర్పాటు ఉన్నది. అయినా 2015 ఏప్రిల్ నుండి తెలంగాణ ప్రభుత్వం ఆంధ్రప్రదేశ్ రవాణా వాహనాలను పరరాష్ట్ర వాహనాలుగా పరిగణించి పన్ను వసూలు ప్రారంభించింది. ఖమ్మం, నల్గొండ వైపు రోజూ తిరిగే విజయవాడ లారీలకు, టాక్సీలకు ఇది కొత్త ఖర్చు అయినది. టాక్సీ మాట్లాడుకొనేటప్పుడు చెప్పిన కిరాయిలో పర్మిట్, సరిహద్దు పన్ను కలిసి ఉన్నవో లేదో ముందే అడగడం అవసరం.

సరుకు రవాణాలో మాత్రం కొంత సులభమైనది. 2017 జూలై 1న వస్తుసేవల పన్ను (జీఎస్టీ) రావడంతో వాణిజ్యపన్నుల శాఖ చెక్‌పోస్టులు తొలగించబడినవి. 2018 ఏప్రిల్ 1 నుండి 50,000 రూపాయలకు మించిన విలువగల సరుకును రాష్ట్రాల మధ్య తరలించడానికి ఈ-వే బిల్లు అవసరం. తెలంగాణ ప్రభుత్వం 2025 అక్టోబరులో రవాణాశాఖ చెక్‌పోస్టులను మూసివేసింది. చెక్‌పోస్టు తొలగినంత మాత్రాన పన్ను తొలగినట్లు కాదు. దారిలో ఎక్కడైనా తనిఖీ చేయవచ్చు. మద్యం, గంజాయి వంటివాటికై పోలీసు, ఎక్సైజు తనిఖీలు ప్రత్యేకంగా జరుగుతాయి. పొరుగు రాష్ట్రంలోనో, యానాంలోనో కొన్న మద్యాన్ని వెంట తెచ్చుకోవడం ఆంధ్రప్రదేశ్ ఎక్సైజు నిబంధనలకు లోబడి ఉంటుంది.

టోలు రుసుములు, ఇంధనం

జాతీయ రహదారుల టోల్‌గేట్లలో ఫాస్టాగ్ 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుండి తప్పనిసరి అయినది. సొంత కార్లు, జీపులు, వ్యానులకు 2025 ఆగస్టు 15 నుండి వార్షిక పాసు ప్రవేశపెట్టారు. మొదట దీని వెల 3,000 రూపాయలుగా నిర్ణయించారు. ఒక సంవత్సరం లేక 200 టోల్‌గేట్లు దాటడం, వీటిలో ఏది ముందైతే అంతవరకు ఇది చెల్లుతుంది. రాష్ట్ర ప్రభుత్వ రహదారుల టోల్‌గేట్లకు ఇది వర్తించదు.

పెట్రోలు, డీజిలు వస్తుసేవల పన్ను పరిధిలో లేనందున వాటిపై రాష్ట్రాలు వేర్వేరుగా పన్ను విధిస్తాయి. ఈ కారణంగా ఒకే రహదారిపై సరిహద్దుకు ఇరువైపులా ధరలో తేడా ఉంటుంది. తడ, యానాం వంటి చోట్ల బంకుల స్థానాన్ని గమనించి ఇంధనం నింపుకోవడం లారీల యజమానులకు అలవాటు. చింతూరు–సుక్మా అడవి మార్గంలో ధరకంటే బంకు దొరకడమే ముఖ్యం. భద్రాచలంలో ట్యాంకు నింపుకొని బయలుదేరడం ఉత్తమం.

నదులు, వరదలు

కృష్ణా డెల్టా నుండి ఉత్తరంగా, పడమరగా వెళ్ళే రహదారులు వాగులను, నదులను దాటిపోతాయి. హైదరాబాదు మార్గంలో నందిగామ వద్ద మున్నేరు, గరికపాడు వద్ద పాలేరు ఉన్నాయి. 2023 జూలై చివరి వారంలో మున్నేరు పొంగి ఐతవరం వద్ద రహదారిపైకి నీరు చేరడంతో రాకపోకలు నిలిచిపోయాయి. 2024 సెప్టెంబరు 1న భారీ వర్షాలకు ఐతవరం మళ్ళీ మునిగింది. గరికపాడు వద్ద పాలేరు వంతెనకు చేరే రోడ్డు కోతకు గురైనది. అదే సమయంలో విజయవాడలో బుడమేరు పొంగి సింగ్‌నగర్ పరిసరాలు నీట మునిగాయి. గుణదల నుండి హైదరాబాదు వెళ్ళే ఇన్నర్ రింగు రోడ్డు, 65వ రహదారి రెండూ ఒకేసారి పనికిరాకుండాపోయాయి. వాహనాలను గుంటూరు, పిడుగురాళ్ళ, మిర్యాలగూడ, నార్కెట్‌పల్లి దారికి మళ్ళించారు.

భద్రాచలం మార్గంలో గోదావరి నీటిమట్టాన్ని గమనించాలి. భద్రాచలం వద్ద 43 అడుగులకు మొదటి, 48 అడుగులకు రెండవ, 53 అడుగులకు మూడవ ప్రమాద హెచ్చరిక జారీచేస్తారు. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటింది. వంతెనపై రాకపోకలు ఆపివేశారు. మూడవ హెచ్చరిక రాకముందే చింతూరు, కూనవరం వైపు రోడ్లు కొన్ని మునిగిపోతాయి కనుక జూలై, ఆగస్టు, సెప్టెంబరు నెలలలో ఈ దారిన వెళ్ళేవారు తిరుగు ప్రయాణానికి కూడా మార్గం తెరచి ఉంటుందా అని ఆలోచించవలెను.

సరిహద్దు మూతపడిన సందర్భాలు

కోవిడ్ మహమ్మారి కాలంలో రాష్ట్ర సరిహద్దు ఎంత గట్టి అడ్డంకి కాగలదో తెలిసింది. 2020 మార్చి 25న దేశవ్యాప్త లాక్‌డౌన్ మొదలైనప్పుడు హైదరాబాదులో హాస్టళ్ళు ఖాళీ చేసిన విద్యార్థులు, ఉద్యోగులు వందల సంఖ్యలో సొంత ఊళ్ళకు బయలుదేరి గరికపాడు వద్ద నిలిచిపోయారు. ప్రయాణానికి హైదరాబాదు పోలీసుల పత్రాలు ఉన్నవారిని కూడా క్వారంటైన్ షరతు లేకుండా లోనికి అనుమతించలేదు. ఒక రాష్ట్రం ఇచ్చిన అనుమతి మరొక రాష్ట్రాన్ని కట్టుబరచదని అప్పుడు చాలామందికి అనుభవమైనది. తరువాత కొంతకాలం ఆంధ్రప్రదేశ్‌లో ప్రవేశించడానికి స్పందన వెబ్‌సైటు ద్వారా ఈ-పాసు పొందవలసి వచ్చింది.

రెండు రాష్ట్రాల మధ్య ఆర్టీసీ బస్సులు ఆ మార్చిలో ఆగిపోయి, 2020 నవంబరు 2న ఒప్పందం కుదిరే వరకు నడవలేదు. ఈ ఒప్పందం ప్రకారం ఆంధ్రప్రదేశ్ సంస్థ 638 బస్సులను తెలంగాణలో 1,60,999 కి.మీ. మేర, తెలంగాణ సంస్థ 826 బస్సులను ఆంధ్రప్రదేశ్‌లో 1,61,258 కి.మీ. మేర నడపాలి. ఆ ఏడాది దసరాకు బస్సులు సరిహద్దు వరకే నడిచాయి. ప్రయాణికులు దిగి, అవతలివైపు మరొక వాహనం ఎక్కారు.

2021 మే నెలలో పరిస్థితి మరింత తీవ్రమైనది. హైదరాబాదు ఆసుపత్రులకు కోవిడ్ రోగులను తీసుకువెళ్ళే ఆంధ్రప్రదేశ్ ఆంబులెన్సులను తెలంగాణ పోలీసులు రామాపురం క్రాస్ రోడ్డు, కర్నూలు సమీపంలోని పుల్లూరు వద్ద ఆపివేశారు. ఆసుపత్రిలో పడక ఖాయమైనట్లు రుజువు, కంట్రోల్ రూము అనుమతి ఉండాలని మే 11న ఉత్తర్వు వెలువడింది. తెలంగాణ హైకోర్టు ఆంబులెన్సులను ఆపడాన్ని తప్పుపట్టి, మే 14న ఆ ఉత్తర్వు అమలును నిలిపివేసింది. భారత రాజ్యాంగం 19వ అధికరణం పౌరులకు దేశమంతటా స్వేచ్ఛగా సంచరించే హక్కునిస్తుంది. ప్రజాప్రయోజనం కోసం సహేతుకమైన ఆంక్షలు విధించవచ్చు. ఆంక్ష ఎక్కడ సహేతుకం, ఎక్కడ కాదు అన్న ప్రశ్నకు ఆ వారం సరిహద్దులో వేచిన రోగులకు నిమిషాలమీద సమాధానం కావలసి వచ్చింది.

ప్రయాణానికి ముందు చూడవలసిన క్రమం

పై విషయాలను బట్టి సరిహద్దు దాటే ప్రయాణాన్ని కింది క్రమంలో సిద్ధం చేసుకోవచ్చు.

* మొదట వాహనం ఏ తరగతికి చెందినదో చూడాలి. సొంత వాహనమైతే నాలుగు పత్రాలు చాలు. రవాణా వాహనమైతే ప్రతి రాష్ట్రానికి పర్మిట్, పన్ను సరిచూడాలి.
* దారిలో ఎన్ని రాష్ట్రాలు వస్తాయో లెక్కించాలి. గమ్యం ఉన్న రాష్ట్రం మాత్రమే లెక్కకు చాలదు. విజయవాడ నుండి చింతూరు వెళ్ళడానికి తెలంగాణ గుండా పోవాలి.
* ముఖ్యమైన వంతెనలను గుర్తించి, ఒకటి మూతపడితే ఏ దారి పట్టాలో ముందే నిర్ణయించుకోవాలి. దారి చీలే స్థలాలు ముఖ్యం. గుంటూరు దారి పట్టాలంటే నందిగామ చేరిన తరువాత కాదు, విజయవాడలోనే తెలియాలి.
* అడవి మార్గాల సమయాలు, పండుగల రద్దీ చూసి బయలుదేరే గంటను ఎంచుకోవాలి.
* ఎన్నికలు, అంటువ్యాధులు, బంద్‌ల సమయంలో రెండు రాష్ట్రాల ఉత్తర్వులను వేర్వేరుగా తెలుసుకోవాలి.
* రోగిని తీసుకువెళ్ళేటప్పుడు చేరబోయే ఆసుపత్రి నుండి చేర్చుకొంటామన్న సమాచారం రాతపూర్వకంగా తీసుకోవాలి. అవసరమైన చోట చూపవచ్చు.

దేశ సరిహద్దులతో పోలిక

రాష్ట్ర సరిహద్దును దాటడానికి వీసా, పాస్‌పోర్టు అక్కరలేదు. దేశ సరిహద్దు దాటేటప్పుడు మనిషికి ఒక అనుమతి, వాహనానికి మరొక అనుమతి కావాలి. ఇబ్రహీంపట్నం వద్ద మొదలయ్యే 30వ రహదారి రాయ్‌పూర్, జబల్‌పూర్, ప్రయాగ్‌రాజ్, లక్నో మీదుగా ఉత్తరాఖండ్‌లోని సితార్‌గంజ్ చేరుతుంది. అక్కడికి నేపాల్ సరిహద్దు దూరం కాదు. నేపాల్ వెళ్ళే భారతీయులకు వీసా లేదు. కాని భారతీయ వాహనానికి సరిహద్దు వద్ద భన్సార్ అనే సుంకాన్ని రోజుల లెక్కన చెల్లించాలి. భూటాన్ వెళ్ళేవారు ఫుంట్‌షోలింగ్ వద్ద ప్రవేశానుమతి పొంది, లోనికి వెళ్ళే వాహనానికి వేరే అనుమతి తీసుకోవాలి.

అమెరికాలో టెక్సాస్, కాలిఫోర్నియా రాష్ట్రాలలో నివసించే తెలుగువారికి మెక్సికో సరిహద్దు దగ్గర. డల్లాస్ నుండి లారెడో, శాన్ డీగో నుండి టిహువానా ఇందుకు ప్రసిద్ధమైన దారులు. చెల్లుబాటులో ఉన్న అమెరికా వీసా గల భారతీయులు పర్యటనకు మెక్సికో వీసా పొందనవసరం లేదు. అయితే తిరిగి అమెరికాలో ప్రవేశించే అర్హతను ముందుగా చూసుకోవాలి. వెళ్ళడం సులభమై, తిరిగి రావడం కష్టమయ్యే సందర్భాలు ఉంటాయి. అమెరికా కారు బీమా సాధారణంగా మెక్సికోలో చెల్లదు కనుక అక్కడి బీమా తీసుకోవాలి. సరిహద్దు మండలం దాటి లోపలికి వెళ్ళే వాహనానికి బాన్హెర్సితో అనే బ్యాంకు ద్వారా తాత్కాలిక దిగుమతి అనుమతి పొంది, వాహనం తయారైన సంవత్సరాన్ని బట్టి ధరావతు కట్టాలి. 2007, ఆ తరువాతి వాహనాలకు ఇది 400 డాలర్లు. గడువులోగా వాహనాన్ని వెనుకకు తెచ్చి అనుమతిని రద్దు చేయించుకుంటేనే ధరావతు తిరిగి ఇస్తారు. అద్దె కారైతే సంస్థ రాతపూర్వక అనుమతి ఉండాలి.

గరికపాడు వద్ద సొంత కారు ఆపకుండా సాగిపోవడానికి, లారెడో వద్ద అదే కుటుంబం వరుసలో నిలబడడానికి కారణం ఇదే: ఒక దేశంలోని రాష్ట్రాలు లైసెన్సును, రిజిస్ట్రేషనును ఉమ్మడిగా గుర్తిస్తాయి. పన్ను, పర్మిట్, ప్రజారోగ్యం వంటి విషయాలలో ఆ ఉమ్మడితనం పరిమితమైనది. ఆ పరిమితి తన వాహనానికి, తన ప్రయాణ దినానికి ఎంతవరకు వర్తిస్తుందో ముందుగా తెలుసుకోవడమే సరిహద్దు ప్రయాణ ప్రణాళికలో ప్రధానాంశం.